ఓబులేసు పేరు మీది కారు

హిందూపురం చేరేలోగా నువ్వు చెప్పకపోతే నేనే ఫోన్ చేసి చెప్పేస్తానంది శ్యామలమ్మ. భర్త ముఖం చూసి అనలేదు. చిత్రాన్నం డబ్బాకు మూత బిగిస్తూ, ఆ డబ్బాతోనే చెబుతున్నట్టు అంది.

ఓబులేసు చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. పెళ్ళిళ్ళకు తప్ప బయటికి తీయని తెల్లచొక్కా అది. పై గుండీ పక్క కాజాలోకి దూరింది. ఊడదీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

"చెప్తాలే" అన్నాడు.

"మూడు దినాలాయె ఈ మాట వినబట్టి."

"బస్సులో చెప్తా."

"బస్సులో చెప్పవు. కిటికీలోంచి బయటికి చూస్తా కూర్చుంటావు. నీ సంగతి నాకు తెలీదా?"

గొంతు పెంచడానికి వీల్లేదు. మగ్గం గదిలో వైష్ణవి ఫైలు సర్దుకుంటోంది. ధర్మవరంలోని ఆ ఇంటికి ఉన్నవి రెండే గదులు. మధ్యలో తలుపు లేదు, పాత చీర ఒకటి తెరగా వేలాడుతుంది. అందుకే మొగుడూ పెళ్ళాం మూడు రోజులుగా గుసగుసల్లోనే పోట్లాడుకుంటున్నారు. ఆ అవస్థ పడ్డవాళ్ళకే తెలుస్తుంది. కోపం కడుపులో ఎంత ఉన్నా గొంతులో మాత్రం ఇంతే ఉండాలి. అయితే ఒక్కొక్క మాటా బయటి అరుపుకంటే లోతుగా దిగుతుంది.

ఇదంతా మొదలైంది ఒక కాగితంతో. వైష్ణవి అనంతపురంలో లా చదువుతోంది. ఐదేళ్ళ కోర్సులో ఇది నాలుగో ఏడు. మూడేళ్ళు ప్రభుత్వమే ఫీజు కట్టింది. ఈ ఏడు కొత్తగా ఏవో లెక్కలు తీసి ఆపేశారు. ఎందుకు ఆపారని వార్డు సచివాలయంలో అడిగితే ఒక కాగితం చేతిలో పెట్టారు. మీ కుటుంబానికి నాలుగు చక్రాల బండి ఉంది, కాబట్టి మీరు పేదవాళ్ళు కారు అని దాని సారాంశం. కింద బండి నంబరు.

కూతురు ఆ కాగితం చూసి నవ్వింది. మనింట్లో సైకిలు కూడా లేదు కదా నాయనా, ఎవరిదో కారు నీ ఆధార్‌కు తగిలించినారు అంది. ఓబులేసు కూడా నవ్వాడు. ఆ నవ్వు నవ్విన క్షణం నుంచి అతనికి అన్నం సయించడం లేదు.

ఎందుకంటే కారు అతని పేరు మీదే ఉంది.

నాలుగేళ్ళ కిందట షావుకారు సుబ్బరాయుడు తీసుకున్న కారు అది. పట్టు, జరీ ఇచ్చి చీర నేయించుకునేది సుబ్బరాయుడు, కూలికి నేసేది ఓబులేసు. ఇరవై రెండేళ్ళ సంబంధం. తన పేరు మీద ఇంకో బండి కొంటే ట్యాక్సు వాళ్ళ కన్ను పడుతుందని షావుకారు భయం. ఒకరోజు చీర అప్పజెప్పడానికి పోతే పక్కన కూర్చోబెట్టుకుని టీ తెప్పించి, నీ పేరు అయితే నా పేరు అయినట్టే కదా ఓబులేసూ, నువ్వొక్క పైసా కట్టే పని లేదు, సంతకాలు పెట్టు చాలు అన్నాడు. అంత పెద్ద మనిషి తన పేరు అడగడం ఓబులేసుకు శాలువా కప్పినట్టయింది. ఎందుకని అడగలేదు. ఆ వీధిలో షావుకారును ఎందుకని అడిగే అలవాటు ఎవరికీ లేదు. ఆధార్ ఇచ్చాడు, ఫోటో ఇచ్చాడు, చూపించిన చోటల్లా సంతకం పెట్టాడు. కారు లోను కూడా అతని పేరు మీదే వచ్చింది.

కారు వచ్చిన రోజు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ముందు సీట్లో ఓబులేసును కూర్చోబెట్టుకుని లేపాక్షి దాకా తీసుకుపోయారు. ఇంటికొచ్చి ముందు సీటు గురించి అరగంట చెప్పాడు. సంతకాల గురించి చెప్పలేదు. చెబితే శ్యామలమ్మ, మనకేమొస్తుంది అని అడుగుతుంది. ఆ ప్రశ్నకు తన దగ్గర జవాబు లేదని అతనికి ఆ రోజే తెలుసు.

మూడు రోజుల కిందట శ్యామలమ్మ కరెంటు బిల్లు వెతుకుతూ టీవీ మీది ఆ కాగితం చూసింది. ఆమెకు ఇంగ్లీషు అక్షరాలు రావు కానీ అంకెలు బాగా వచ్చు. నేసిన చీర ఇవ్వడానికి పోయిన ప్రతిసారీ షావుకారు పిలిచేదాకా కొట్టు మెట్ల మీద కూర్చుంటుంది. ఎదురుగా నిలబడి ఉండేది ఆ కారే. ఆ నాలుగంకెలు ఆమెకు కంఠస్థం.

కాగితం పట్టుకుని మగ్గం దగ్గరికి వచ్చి అడిగింది. ఓబులేసు కాసేపు పైకప్పు చూశాడు. తర్వాత చెప్పాడు.

ఆమె ఏడవలేదు, తిట్టలేదు. మరి ఆ పెనుకొండ కాగితం మీద ఎట్ల సంతకం పెట్టినావు అని మాత్రం అడిగింది. అదే అతను భయపడుతున్న ప్రశ్న.

పెనుకొండ కాగితం అంటే అఫిడవిట్టు. సెలవుల్లో వైష్ణవి పెనుకొండ కోర్టులో ఒక వకీలు దగ్గర పని నేర్చుకుంది. రెండు వారాల కిందట తండ్రిని అక్కడికే తీసుకుపోయి, తనే రాసిన ప్రమాణపత్రం మీద సంతకం పెట్టించి నోటరీ చేయించింది. నా పేరు మీద ఏ నాలుగు చక్రాల వాహనమూ లేదు, ఇంతకు ముందు కూడా లేదు, ఇది నేను ప్రమాణం చేసి చెబుతున్నాను అని అందులో మూడో పేరా. ఓబులేసు ఆ పేరా కింద తన పేరు గుండ్రంగా రాశాడు. ఆయనను నేనెరుగుదును అని వైష్ణవి పక్కన సంతకం చేసింది.

చెప్పడానికి అతనికి సందు దొరకలేదని కాదు. దొరికిన ప్రతిసారీ ఒక అబద్ధం చెప్పాడు. చదువుకు బ్యాంకు లోను అడుగుదాం నాయనా అంటే, తను ఒక్కడే పోయి వస్తానన్నాడు. ఇద్దరూ పోతే కారు లోను బయటపడుతుంది. పోయి, బ్యాంకు ముందు బండలమీద కూర్చుని వచ్చి, మేనేజరు లేడన్నాడు. మూడు వారాలుగా ఆ మేనేజరు సీట్లో లేడు పాపం. కులసంఘం వాళ్ళు పదో తరగతి పిల్లలకు మెమెంటోలు ఇస్తారు కానీ ఫీజులు కట్టరు. కాలేజీలో ప్రిన్సిపాలు, ప్రభుత్వ సొమ్ము వస్తుందని రుజువు తెస్తే గడువు ఇస్తానన్నాడు. శనివారం లోపల ఫీజు కట్టకపోతే హాల్‌టికెట్టు ఇవ్వరు. ఈ రోజు గురువారం.

మిగిలింది హిందూపురంలోని యశోదమ్మ. నలభై ఏళ్ళు అక్కడ వకీలుగా చేసి మానుకున్న మనిషి. భర్త పేరు మీద ట్రస్టు పెట్టి, ఏటా ఇద్దరు ముగ్గురు లా చదివే పిల్లలకు ఫీజు కడుతుంది. మార్కులు అడగదట. తల్లిదండ్రుల్లో ఒకరైనా వెంట రావాలంటుందట. వైష్ణవి దరఖాస్తుతోపాటు ఆ అఫిడవిట్టు నకలు కూడా జతచేసి పంపింది. ఈ రోజు పదకొండు గంటలకు రమ్మని కబురు వచ్చింది.

"షావుకారు దగ్గరికి మళ్ళా పోయి అడగరాదా?" అని చివరిసారిగా గుసగుసలాడింది శ్యామలమ్మ.

మొన్న అడిగాడు. ఆమె తోస్తే పోయాడు. కారు నీ పేరుకు మార్చుకో సామీ అనడానికి పోయిన మనిషి షావుకారు ముందు నిలబడగానే, పాప ఫీజు ఆగిపోయింది అని మాత్రం అన్నాడు. లోను ఇంకా ఏడాది ఉంది, అయిపోనీ మారుద్దాంలే, అయినా ఆడపిల్లకు కోర్టులెందుకప్పా అన్నాడు సుబ్బరాయుడు. టీ ఇచ్చాడు. ఓబులేసు ఆ టీ తాగి వచ్చాడు. తాగకుండా లేచి వచ్చినా కొంత పరువు దక్కేదని దారిలో అనిపించింది.

"నాయనా, టైమైంది" అంటూ వైష్ణవి తెర తొలగించి వచ్చింది. ఇద్దరూ నోళ్ళు మూసుకున్నారు.

శ్యామలమ్మ డబ్బా సంచిలో పెట్టింది. కూతురి జడ సరిచేసింది. భర్తకు సంచి ఇస్తూ ఒక్క క్షణం ఎక్కువసేపు పట్టుకుంది, తర్వాత వదిలేసింది.

*

బస్సులో ఓబులేసు కిటికీలోంచి బయటికే చూశాడు.

వేరుశనగ చేలు పోయాయి, గాలిమరలు పోయాయి. ఇదిగో ఆ మలుపు దాటాక చెబుతానని అనుకున్నాడు. మలుపు దాటింది. ఆ వంతెన దాటాక అనుకున్నాడు. మాట నాలుక మీదకి వచ్చి, కూతురి ముఖం చూడగానే వెనక్కి పోతోంది. ఇంట్లో అందరికంటే చదువుకున్న మనిషి ముందు, ఆమెను కన్నవాడు ఇంత బుద్ధిలేని పని చేశానని ఎలా ఒప్పుకోవాలి? షావుకారు డబ్బిచ్చి చేయించుకున్నా కొంత నయం. టీకీ ముందు సీటుకీ అమ్ముడుపోయాడు. అదీ అతని సిగ్గు.

వైష్ణవి ఫైలు ఒళ్ళో పెట్టుకుని దాని మీద రెండు చేతులూ పెట్టి కూర్చుంది. ఒకసారి మాత్రం అడిగింది.

"నాయనా, నాకేమన్నా చెప్పల్లనా?"

ఓబులేసు సంచి ఒళ్ళోకి లాక్కున్నాడు. "ఏముంది చెప్పేదానికి?"

"ఏం లేదులే. ఆ మేడమ్ అడిగితే ఏం చెప్పాలో ఆలోచిస్తాండావేమో అని."

"నిజమే చెప్తా" అన్నాడు.

అనేశాక తన మాట తన చెవికే తగిలింది. కూతురు తలాడించి అవతలి వైపు తిరిగింది.

పెనుకొండలో దిగారు. యశోదమ్మ అసలు కాగితం చూడాలందట, అది వకీలు ఆఫీసులో ఉంది. కోర్టు ఎదురుగా మిద్దె మీద చిన్న గది. వకీలు ఇంకా రాలేదు. గుమాస్తా వెంకటరాముడు బీరువా తీసి కాగితాలు బల్ల మీద పెట్టాడు. మీ పాప రాసిన అఫిడవిట్టు మా సారు జూనియర్లకు చూపిస్తాండాడప్పా, ఇట్ల రాయల్ల చూడండి అని, అన్నాడు. ఓబులేసు కాళ్ళ వేళ్ళు చెప్పుల్లో ముడుచుకున్నాయి.

ఇంతలో గుమాస్తా నాలుక కరుచుకున్నాడు. రెండో ప్రతిలో ఒక పేజీకి సంతకం తప్పిపోయింది. మూడో పేరా ఉన్న పేజీయే అది. ఈడొకటి పెట్టప్పా అని పెన్ను అందించాడు.

ఓబులేసు పెన్ను తీసుకున్నాడు.

మొదటిసారి ఆ గదిలో ఏం జరుగుతోందో సరిగ్గా తెలియక, కూతురి తొందరలో పెట్టాననైనా తనకు తాను చెప్పుకోగలడు. ఈసారి ఆ సాకు లేదు. మూడు రోజులు పెళ్ళాం నిలదీసింది. గంటన్నర బస్సులో కూతురు పక్కనే కూర్చుంది. పెన్ను కింద పెట్టి, వెంకటరాముడూ నువ్వు కాసేపు బయటికి పో అని అనొచ్చు. అంతే చాలు.

"చదువుకొని పెట్టు నాయనా" అంది వైష్ణవి.

గుమాస్తా నవ్వాడు. వకీలు అప్పుడే అయిపోయినావు పాపా అన్నాడు. వైష్ణవి నవ్వలేదు. తండ్రి చేతినే చూస్తోంది.

"నువ్వు రాసిందాన్ని మళ్ళా నేను చదవల్నా?" అని ఓబులేసు సంతకం పెట్టేశాడు.

వైష్ణవి కాగితాలు తీసుకుని ఫైల్లో పెట్టుకుంది. మెట్లు దిగేటప్పుడు ఎప్పుడూ తండ్రి చేయి పట్టుకునే పిల్ల, ఆ రోజు ముందు దిగిపోయింది. ఎండ ఎక్కువగా ఉంది, బస్సు పోతుందని తొందర కాబోలు అనుకున్నాడు ఓబులేసు. మనిషికి తనకు అనుకూలమైన కారణం ఎప్పుడూ దగ్గర్లోనే దొరుకుతుంది.

*

యశోదమ్మ ఇల్లు హిందూపురం మార్కెట్టు వెనక వీధిలో ఉంది. హాలు నిండా పుస్తకాల బీరువాలు. ఆమెకు డెబ్భై దాటి ఉంటాయి. నీరుకావి రంగు నూలు చీర కట్టుకుని, పెద్ద బల్ల వెనక కూర్చుని ఉంది. ఇద్దరినీ కూర్చోమని, మజ్జిగ ఇప్పించింది. మాటలో కన్నడం కలుస్తుంది.

ఓబులేసు కుర్చీ అంచున కూర్చున్నాడు. నేసే మనిషేనా అని ఆమె అడిగింది. అవునమ్మా అన్నాడు. ఎవరి మగ్గం అని అడిగింది. మగ్గం నాదే, పట్టు షావుకారుది అన్నాడు. చెయ్యి చూపించమంది. చూపించాడు. వేళ్ళ మీది కాయలను ఆమె కళ్ళద్దాల్లోంచి చూసి, తలాడించి, ఇంకేమీ అడగకుండా అఫిడవిట్టు చదవడం మొదలుపెట్టింది.

అప్పుడే వైష్ణవి ఫోన్ మోగింది. అమ్మ అని తెర మీద పేరు ఓబులేసుకు కూడా కనిపించింది. వైష్ణవి కట్ చేసింది. మళ్ళీ మోగింది. మళ్ళీ కట్ చేసి, ఫోన్ ఆపేసి సంచిలో వేసుకుంది. అమ్మయ్య అనుకున్నాడు ఓబులేసు. అలా అనుకున్నందుకు ఆ మరుక్షణమే ఒళ్ళంతా సిగ్గేసింది. కట్టుకున్నది నిజం చెప్పబోతే, అది వినిపించకపోయినందుకు సంతోషపడే స్థితికి దిగాడు.

యశోదమ్మ చదవడం ముగించింది.

"ఇది ఎవరు రాసింది? వకీలు రాసినాడా?"

నేనే మేడమ్ అని వైష్ణవి చిన్నగా చెప్పింది.

"నలభై ఏండ్లలో ఎన్నో చూసినా. ఒక్క మాట ఎక్కువ లేదు, ఒక్క మాట తక్కువ లేదు. నీ ఫీజు నేను కడతా పాపా. ఈ ఏడాదిదీ, వచ్చే ఏడాదిదీ."

ఆమె డ్రాయరు లాగి చెక్కుబుక్కు తీసింది. అక్కడికక్కడే కాలేజీ పేరు రాసింది, అంకె వేసింది. సంతకం ఒక్కటి మిగిల్చి పక్కన పెట్టింది. అంత తేలిగ్గా జరిగిపోతుందని ఓబులేసు అనుకోలేదు. లేచి దండం పెట్టబోయాడు. కూర్చోమని ఆమె చేత్తో సైగ చేసింది.

"దుడ్లు ఇచ్చేది పెద్ద పని కాదప్పా. ఇంకొక పని ఉండాది."

ఆ పనేమిటో నెమ్మదిగా వివరించింది. ఇలా వేరేవాళ్ళ కారు, వేరేవాళ్ళ పొలం ఆధార్‌కు తగిలి ఫీజులు ఆగిపోయిన పిల్లలు తనకు తెలిసి ముప్పై మంది దాకా ఉన్నారు. రొద్దం మండలంలో ఉన్నారు, తలుపుల మండలంలో ఉన్నారు. అందరి తరపునా హైకోర్టులో కేసు వేద్దామని నలుగురు వకీళ్ళు కూడారు. ముందు వరసలో నిలబెట్టడానికి మచ్చలేని మనిషి ఒకడు కావాలి. అతని కాగితం గట్టిగా ఉండాలి. మిగతా ముప్పై మంది అతని వెనక నిలబడతారు.

"నీ పేరు ముందర పెడతా ఓబులేసూ. ఈ అఫిడవిట్టే పెడతా. నీ మాట నిలబడితే అందరి పిల్లలకూ న్యాయం జరుగుతాది."

వకాల్తా కాగితం ముందుకు జరిపింది. పెన్ను దాని మీద పెట్టింది.

ఓబులేసు పెన్ను వైపు చూశాడు. తన పేరు మళ్ళీ అడుగుతున్నారు. అప్పుడు అడిగినవాడు టీ ఇచ్చాడు, ఇప్పుడు అడిగిన ఆమె మజ్జిగ ఇచ్చింది. ఇద్దరూ మర్యాదగానే అడిగారు. సంతకం పెడితే శనివారానికి ఫీజు అందుతుంది. పాప పరీక్ష రాస్తుంది. తర్వాత కోర్టులో ప్రభుత్వ వకీలు లేచి ఆ కారు కాగితాలు చూపిస్తాడు. అప్పుడు తనతోపాటు మునిగేది పక్కన సంతకం చేసిన పాప. ఆమె వెనక ఎవరో తెలియని ముప్పై మంది పిల్లలు. రొద్దంలో ఎవరో తన లాంటివాడే బ్యాంకు ముందు కూర్చుని ఉంటాడు. అతని కారు మాత్రం నిజంగానే ఎవరిదో అయి ఉంటుంది.

"ఈ సంతకం నేను పెట్టలేనమ్మా" అన్నాడు.

యశోదమ్మ కళ్ళద్దాలు పైకి తోసుకుంది. "భయమా?"

"భయం కాదు. ఆ కారు నా పేరు మీద ఉండేది నిజమే."

చెప్పడం మొదలుపెట్టాక ఆగలేదు. షావుకారు, టీ, ఆధార్, లేపాక్షి, ముందు సీటు, బ్యాంకు ముందు కూర్చున్నది, రెండు గంటల కిందట పెనుకొండలో పెట్టిన సంతకం, అన్నీ చెప్పేశాడు. కూతురి వైపు చూడకుండా బల్ల అంచును చూస్తూ చెప్పాడు. బల్ల అంచున చెక్క కొంచెం లేచి ఉంది. ఆ చెక్కకే అన్నీ చెప్పుకున్నాడు.

వైష్ణవి దగ్గర నుంచి చిన్న చప్పుడు కూడా రాలేదు.

"సంతకం పెట్టేటప్పుడు నీకు తెలుసునా ఇదంతా?" అని యశోదమ్మ అడిగింది. గొంతులో మజ్జిగ ఇప్పించిన మనిషి లేదు, వకీలు ఉంది.

"తెలుసమ్మా."

"పాపకు?"

"పాపకేం తెలీదు" అన్నాడు ఓబులేసు, మాట పూర్తికాకముందే అందుకుని. "కంప్యూటరు తప్పనే అనుకున్న్యాది. నేనే మోసం చేసినా. ఆ యమ్మిని ఏమీ అనద్దండి. నన్ను జైల్లో పెట్టిస్తే పెట్టించండి."

యశోదమ్మ వకాల్తా కాగితాన్ని తన వైపు లాక్కుని నిలువునా చింపింది. అఫిడవిట్టును మాత్రం చింపలేదు. తిప్పి బోర్లా పెట్టింది. ఆ తర్వాత చెక్కును వేలితో తాకింది.

తండ్రి చేసిన పనికి పిల్లను శిక్షించే అలవాటు తనకు లేదంది. కారు సంగతి సుబ్బరాయుడి చేత తేల్పించే దారి ఉంది, అది తర్వాత చూద్దాం. కన్నతండ్రి మాట నమ్మి పాప రాసి ఉంటే అందులో పాప తప్పు లేదు. ఈ చెక్కు మీద ఇప్పుడే సంతకం పెడతానంది. కానీ తెలిసి రాసి ఉంటే, ఆ పిల్ల రేపు నల్లకోటు వేసుకోవడానికి తాను ఒక్క రూపాయి కూడా ఇవ్వనంది.

"నీ నోటితో చెప్పు పాపా. ఆ కారు షావుకారుదనీ, అది మీ నాయన పేరు మీద ఉండాదనీ నీకెప్పుడు తెలిసింది?"

ఇప్పుడే అని చెప్పు. ఓబులేసు మనసులో అరిచాడు. ఒక్క మాట, ఇప్పుడే. చెక్కు అక్కడే ఉంది. శనివారం అక్కడే ఉంది. మొదటిసారి కూతురి వైపు తిరిగి చూశాడు.

వైష్ణవి ముఖంలో ఆశ్చర్యం లేదు. కోపం కూడా లేదు.

"నోటరీకి పోయే ముందర దినం మేడమ్" అంది.

యశోదమ్మ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"అమ్మకు జ్వరమొస్తే చీర ఇచ్చేదానికి నేను పోతి. కొట్టు ముందర ఆ నంబరు కారు ఉండె. కొట్టు గుమాస్తాను అడిగితి. మీ నాయనే కదా ఓనరు అని నవ్వినాడు."

ఓబులేసు బల్ల మీది చెక్కు వైపు చూశాడు.

"అఫిడవిట్టు అప్పటికే రాసి పెట్టింటి. మూడో పేరా కొట్టేయలేదు. ప్రమాణం చేసి చెప్పల్ల కదా, మా నాయన సంతకం పెట్టడు, ఆడనే నాకు చెప్పేస్తాడు అనుకుంటి. పెట్టేసినాడు. అప్పుడన్నా నేను చింపేయల్ల. ఫీజు గుర్తొచ్చె, ఊరకుంటి. ఈ పొద్దు కూడా..."

అక్కడ ఆపేసింది. ఏడవలేదు. తల్లి లాగే.

ఓబులేసుకు ఇంతసేపూ తన తప్పు ఒక్కటే కనిపించింది, దాన్ని ఒప్పుకుంటే బరువు దిగుతుందనుకున్నాడు. రెండు వారాలుగా ఒకే ఇంట్లో ఒకే అబద్ధాన్ని ఇద్దరూ ఒకరికి తెలియకుండా ఒకరు దాచుకున్నారు. తను నోరు విప్పుతాడని ఆ పిల్ల ప్రతి రోజూ కాచుకుని కూర్చుంది. నేత నేర్పలేదు, చదువు నేర్పలేదు, ఇది నేర్పాడు. తలెత్తుకునే చోటు ఆ హాల్లో అతనికి ఎక్కడా కనిపించలేదు.

యశోదమ్మ చెక్కు మీద సంతకం పెట్టలేదు. చింపనూ లేదు. అతని వైపు తిరిగింది.

"నువ్వు బయట కూర్చోప్పా. ఈ పాపతో నేను మాట్లాడల్ల."

ఓబులేసు లేచాడు. కూతురిని అక్కడ ఒంటరిగా వదిలి పోవాలో, కూడదో తెలియక కుర్చీ వీపు పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తన వైపు ఒక్కసారి చూస్తే చాలనుకున్నాడు.

వైష్ణవి బోర్లా పెట్టిన కాగితాన్నే చూస్తోంది.

"పో నాయనా" అంది.